మిర్చికి చల్లదనం, మిషన్‌లో ఒత్తిడి



ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు ఎర్రబడుతుంది. పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపుల నుంచి మిర్చి బస్తాలు దిగుతూనే ఉంటాయి. తేజ, వండర్‌హాట్, 341, ఇంకా 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన చపాటా. ధర నచ్చిన రైతు కాంటా పెట్టిస్తాడు. నచ్చనివాడు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో వేసి, ధర పెరిగేదాకా చూస్తాడు. అక్కడ గది లోపల వేడి పది డిగ్రీలు కూడా ఉండదు. బయటేమో ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన ఎండ. మిర్చి రంగు, కారం చెడకుండా, పురుగు పట్టకుండా నెలల తరబడి ఈ తేడాను నిలబెట్టాలి. ఆ పని చేసేది వెనక షెడ్డులో రాత్రింబగళ్లు నడిచే అమోనియా మిషన్.

నేను హసన్‌పర్తివాణ్ణి. కూలింగ్ మిషన్ల సర్వీసు నా పని. కోల్డ్ స్టోరేజీకి వచ్చిన రైతులు సాధారణంగా గది తలుపు దగ్గరున్న థర్మామీటర్ చూసి, సరే బాగానే ఉందని వెళ్లిపోతారు. మిషన్ నడిపే ఆపరేటర్ మాత్రం ముందు థర్మామీటర్ వైపు చూడడు. అతని చూపు ప్రెషర్ గేజ్ మీద ఉంటుంది. చల్లదనం కావాల్సిన చోట ఒత్తిడిని ఎందుకు చూస్తున్నాడు? ఈ ప్రశ్న తేలితే మీ ఇంటి ఏసీ, మీ కారు ఏసీ, మన ఊళ్లలోని రైస్ మిల్లు బాయిలర్, అన్నీ ఒక దారిలోకి వస్తాయి.

నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. అది మామూలు గాలి ఒత్తిడి ఉన్నప్పటి మాట. వంటింట్లో కుక్కర్ మూత బిగించి విజిల్ బరువు పెడితే లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాకా పెరుగుతుంది. అప్పుడు నీళ్లు 120 డిగ్రీల దగ్గరికి వస్తేగాని మరగవు. పప్పు తొందరగా ఉడికేది అందుకే. ఒత్తిడి పెరిగితే మరిగే వేడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏ ద్రవమైనా అంతే.

ఇప్పుడు నీళ్ల స్థానంలో అమోనియా పెట్టండి. మామూలు గాలి ఒత్తిడిలో అది సున్నాకు కింద 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గది లోపలి పైపుల్లో దాని ఒత్తిడిని గాలి ఒత్తిడి కంటే రెండున్నర కిలోలు ఎక్కువగా ఉంచామనుకోండి, అది సున్నాకు కింద ఐదు డిగ్రీల దగ్గర మరుగుతుంది. మరగడానికి వేడి కావాలి. ఆ వేడిని మిర్చి గదిలోని గాలి నుంచి లాక్కుంటుంది. గది చల్లబడేది ఇలాగే. ఆవిరైన అమోనియాను కంప్రెసర్ పీల్చి, పద్నాలుగున్నర కిలోల దాకా నొక్కి, బయటి కండెన్సర్‌లోకి తోస్తుంది. అంత ఒత్తిడిలో అమోనియా 40 డిగ్రీల దగ్గరే తిరిగి ద్రవమవుతుంది. అంటే కండెన్సర్ మీద పడే నీళ్లు ముప్పై డిగ్రీలున్నా సరే, దాని వేడిని లాగేయగలవు. మండే ఎండలో కూడా వేడిని బయటికి పంపగలిగేది ఈ ఒక్క కిటుకుతోనే. గదిలో తక్కువ ఒత్తిడి, బయట ఎక్కువ ఒత్తిడి. 1876లో జర్మనీలో కార్ల్ లిండే చేసిన అమోనియా కంప్రెసర్‌దీ ఇదే సూత్రం, ఎనుమాములలో ఇప్పుడు నడుస్తున్నదానిదీ ఇదే సూత్రం.

కాబట్టి ఈ పైపుల్లో మరుగుతున్న, ద్రవమవుతున్న చోట ఒత్తిడి తెలిస్తే వేడి తెలిసినట్టే. వేరే థర్మామీటర్ అక్కర్లేదు. మెకానిక్ చేతిలోని గేజ్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. ముఖం మీద బయటి వరుసలో ఒత్తిడి అంకెలుంటాయి. వాటికి లోపల సన్నని అంకెలతో ఇంకో రెండు మూడు వరుసలు కనిపిస్తాయి. అవి డిగ్రీలు. ఒక్కో వరుస ఒక్కో గ్యాస్‌కు. ఏసీల్లో వాడే ఆర్-22 గ్యాస్ వరుసలో చదరపు అంగుళానికి 70 పౌండ్ల ఎదురుగా ఐదు డిగ్రీలుంటుంది. అదే ఐదు డిగ్రీలు ఆర్-32 గ్యాస్‌కు 120 పౌండ్లు దాటాకగాని రాదు. ముల్లు ఒక్కటే, మనం ఏ వరుస చదవాలో తెలిసి ఉండాలి.

ఆ ముల్లును తిప్పేదేమిటో కూడా చెబుతాను, ఎందుకంటే దానంత సులువైన పరికరం నాకు ఇంకొకటి కనబడలేదు. గేజ్ వెనక మూత తీస్తే లోపల చంద్రవంకలా వంగిన ఒక సన్నని గొట్టం ఉంటుంది. గొట్టం గుండ్రంగా ఉండదు, నొక్కి చదును చేసినట్టుంటుంది. ఒక చివర మూసి ఉంటుంది. రెండో చివర నుంచి ఒత్తిడి లోపలికి వస్తుంది. ఒత్తిడి పెరిగితే చదునుగా ఉన్న గొట్టం గుండ్రం కావాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో దాని వంపు కొంచెం విప్పుకుంటుంది. మూసిన చివర కొద్దిగా పైకి జరుగుతుంది. ఒక చిన్న లింకు, రెండు పళ్ల చక్రాలు ఆ కాస్త కదలికను ముల్లు తిరిగేలా చేస్తాయి. ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డన్ 1849లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇన్నేళ్లయినా మన మిషన్ రూముల్లో అదే గొట్టం. ఒకటే జాగ్రత్త. అమోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది, కాబట్టి అమోనియా గేజ్‌లో గొట్టం ఉక్కుదే ఉండాలి. అంగట్లో తక్కువకు దొరికిందని ఇత్తడి గేజ్ బిగిస్తే కొన్నాళ్లకు ఆ గొట్టమే పగిలి గ్యాస్ బయటికొస్తుంది.

గేజ్ చూపిస్తుంది, అంతే. రాత్రి రెండింటికి ఆపరేటర్ కునుకు తీస్తే దానికేమీ చేతకాదు. అప్పుడు మిషన్‌ను ఆపేది ప్రెషర్ స్విచ్. ఎక్కువ ఒత్తిడి వైపుదాన్ని హెచ్‌పీ కటౌట్, తక్కువ ఒత్తిడి వైపుదాన్ని ఎల్‌పీ కటౌట్ అంటారు మా వాళ్లు. లోపల ముడతలు ముడతలుగా ఉన్న ఒక లోహపు తిత్తి ఉంటుంది. దానికి ఎదురుగా ఒక స్ప్రింగు. ఒత్తిడి తిత్తిని సాగదీస్తుంటే స్ప్రింగు ఆపుతుంటుంది. స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలో పైన స్క్రూతో మనమే పెట్టుకోవచ్చు. హెచ్‌పీ కటౌట్‌లో ఒత్తిడి ఆ హద్దు దాటితే తిత్తిదే పైచేయి అవుతుంది, కాంటాక్టు టక్కుమని విడిపోతుంది, మోటారుకు కరెంటు ఆగిపోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. తక్కువ ఒత్తిడి వైపు స్విచ్ సాధారణంగా తనంతట తానే మళ్లీ కలుస్తుంది. ఒత్తిడి కాస్త కోలుకోగానే మిషన్ మొదలవుతుంది. ఎక్కువ ఒత్తిడి వైపు స్విచ్‌కు మాత్రం చాలాచోట్ల ఒక బటన్ పెడతారు, మనిషి వచ్చి నొక్కితేగాని మిషన్ లేవదు. కావాలనే అట్లా చేశారు. ఎక్కువ ఒత్తిడితో ఆగిందంటే ఎక్కడో ఏదో పాడైనట్టు. మనిషి లేచి వచ్చి, ఎందుకాగిందో చూడాలి. బటన్ ఉన్నది అందుకు. మరి మన దగ్గర జరిగేదేమిటి? లేచి వచ్చి, బటన్ నొక్కి, పోయి పడుకుంటారు.

ఒక సీజన్‌లో ఒక చోటికి వెళ్లాను, పేరెందుకు. మిషన్ పగటిపూట గంటకోసారి ఆగిపోతోంది. "అన్నా, ఈ కటౌట్ ఖరాబైంది, జర దీన్ని తీసి డైరెక్ట్ చెయ్యరాదే" అన్నాడు మేనేజర్. లోపల బస్తాలు నిండా ఉన్నాయి, అతని కంగారు అతనిది. కటౌట్‌కు వేరే గేజ్ కలిపి చూశాం. అది సరిగ్గానే పనిచేస్తోంది, పెట్టిన హద్దు దగ్గరే ఆపుతోంది. కండెన్సర్ దగ్గరికెళ్తే అసలు సంగతి కనబడింది. బోరు నీళ్లలోని సున్నం పైపుల మీద తెల్లగా పెంకు కట్టింది. నీళ్లు చల్లే నాజిల్స్‌లో సగం మూసుకుపోయాయి. వేడి బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతోంది. పెంకు గీకి, నాజిల్స్ కడిగాక మిషన్ ఆగడం మానేసింది. "మరి డైరెక్ట్ చేస్తే ఏమైతుండె?" అని అడిగాడు ఆయన తర్వాత. సేఫ్టీ వాల్వు ఉంది కాబట్టి బహుశా అది లేచి అమోనియా బయటికి వదిలేది. అది కూడా తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే? ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పలేదు, ఆయన కూడా మళ్లీ అడగలేదు. నా మటుకు నేను, వైరు ముక్కతో కటౌట్‌ను డైరెక్ట్ చేసేవాణ్ణి మెకానిక్ అనను.

మూడో స్విచ్ ఇంకొకటుంది, ఆయిల్ ప్రెషర్‌ది. కంప్రెసర్ లోపల ఆయిల్ పంపు ఒత్తిడికి, క్రాంక్ కేసులోని గ్యాస్ ఒత్తిడికి తేడా ఎంతుందో చూస్తుంది. ఆయిల్ గేజ్ ఒక్కటే చూసి మోసపోవద్దని ఈ తేడా లెక్క. మిషన్ మొదలైన వెంటనే ఆయిల్ అందదు కాబట్టి నిమిషం, ఒకటిన్నర నిమిషం ఆగి చూసి, అప్పటికీ తేడా రాకపోతే ఆపేస్తుంది.

కొత్త మిషన్లలో తిత్తి, స్ప్రింగుల చోట ఎలక్ట్రానిక్ సెన్సర్లు వస్తున్నాయి. బొటనవేలంత స్టీలు బిళ్ల, వెనక మూడు వైర్లో రెండు వైర్లో ఉంటాయి. లోపల పలుచని సిలికాన్ పొర. దాని మీదే నాలుగు చిన్న నిరోధాలు చెక్కి ఉంటాయి. ఒత్తిడికి పొర కంటికి కనపడనంత వంగుతుంది. వంగినచోట సిలికాన్ నిరోధం మారిపోతుంది. ఈ గుణాన్ని 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ చార్లెస్ స్మిత్ లోకానికి తెలియజేశాడు. నాలుగు నిరోధాలను కలిపిన తీరు మన ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న వీట్‌స్టన్ బ్రిడ్జే. అనంతసాగర్ కాలేజీల్లో చదువుకునే పిల్లలు ఇది వింటుంటే, పరీక్షకు బట్టీ పట్టిన ఆ బొమ్మ మీ కారు బానెట్ కింద కూర్చుని పనిచేస్తోందని గుర్తుపెట్టుకోండి.

బ్రిడ్జి నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. సెన్సర్‌లోనే ఉన్న చిన్న సర్క్యూటు దాన్ని పెంచి, పెద్ద ప్లాంటుల్లో అయితే 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపుతుంది. సున్నా నుంచి 25 కిలోల దాకా కొలిచే సెన్సర్ అనుకుంటే, 4 మిల్లీ ఆంపియర్లంటే సున్నా, 20 అంటే 25 కిలోలు. 12 వచ్చిందంటే సరిగ్గా సగం, పన్నెండున్నర కిలోలు. సున్నా ఒత్తిడికి సున్నా కరెంటు పెట్టకుండా 4 ఎందుకు పెట్టారు? ఎలుక వైరు కొరికేస్తే కరెంటు సున్నా అవుతుంది. అప్పుడు కంట్రోలర్‌కు ఒత్తిడి లేదా, లేక వైరే లేదా అన్న సందేహం రాదు. వైరు తెగిందని వెంటనే తెలుసుకుని అలారం కొడుతుంది. ఎలుకల సంగతి ధాన్యం, మిర్చి గోదాములు నడిపేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

స్విచ్‌కు తెలిసింది రెండే మాటలు, ఉండు లేదా ఆగు. సెన్సర్ అయితే ఎంత ఉందో ప్రతి క్షణం చెబుతుంది. అందుకే దాన్ని నమ్ముకుని కంప్రెసర్ వేగం, ఫ్యాన్ వేగం, గ్యాస్ వదిలే వాల్వు తెరుచుకునే మేర, అన్నీ కొంచెం కొంచెంగా మార్చవచ్చు. ఆర్-22 ఏసీ ప్లాంటులో ఒక ఉదాహరణ చూడండి. కంప్రెసర్ పీల్చే వైపు ఒత్తిడి, మా మాటలో సక్షన్ ఒత్తిడి, 70 పౌండ్లు, అంటే గ్యాస్ ఐదు డిగ్రీల దగ్గర మరుగుతోంది. అదే పైపు మీద థర్మామీటర్ 11 డిగ్రీలు చూపిస్తోంది. మధ్య తేడా ఆరు డిగ్రీలు. దీన్ని సూపర్‌హీట్ అంటాం. ఆరు ఉందంటే కాయిల్ లోపల ద్రవం పూర్తిగా ఆవిరై, ఆ ఆవిరి కాస్త వేడెక్కి కూడా వస్తోందని అర్థం. తేడా సున్నాకు పడితే ద్రవం కంప్రెసర్‌లోకి కొట్టుకొస్తోందన్నమాట, వాల్వు ప్లేట్లు విరుగుతాయి. ఇరవైకి పెరిగితే కాయిల్‌కు గ్యాస్ చాలడం లేదు. ఒత్తిడి ఒక్కటీ ఈ మాట చెప్పలేదు, వేడి ఒక్కటీ చెప్పలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక మీ ఇంటి సంగతి. ఇంట్లో గోడకు ఉండే చిన్న స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి ప్రెషర్ సెన్సరే ఉండదు. కాయిల్ మీది వేడి సెన్సర్లు, కంప్రెసర్ తీసుకునే కరెంటు చూసి అవి ఒత్తిడిని అంచనా వేసుకుంటాయి. కాబట్టి అక్కడ సెన్సర్ పని చేసేది మెకానిక్ తెచ్చే గేజ్. ఎండాకాలం మొదట్లో వచ్చి "గ్యాస్ తక్కువైంది, పట్టాలె" అంటే ఒక్కమాట అడగండి, ఎక్కడ లీకైందని. ఏసీలో గ్యాస్ పెట్రోలులా కాలిపోయేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు వెతికి మూయకుండా ఏడాదికోసారి గ్యాస్ పట్టించడమంటే డబ్బులు గాలిలో వదలడమే. ఇంకో సంగతి. ఆర్-22కు అలవాటుపడ్డ చేతులు కొత్త ఆర్-32 ఏసీకి కూడా 70 పౌండ్ల దగ్గరే ఆపేస్తే గది చల్లబడదు. కాయిల్ మీద మంచు కడుతుంది. కొత్త గ్యాసులకు గేజ్ ఒక్కటే చూసి నింపడం పద్ధతి కాదు. ఏసీ ప్లేటు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, కాంటా పెట్టి తూకం వేసి నింపాలి. పైగా ఆర్-32 కొంతవరకు మండే గుణం ఉన్న గ్యాస్. బీడీ కాలుస్తూ పట్టే పని కాదు.

కార్లు ఇందులో ఇళ్లకంటే ముందున్నాయి. ఇంజను పక్కన హైప్రెషర్ పైపు మీద మూడు వైర్ల సెన్సర్ ఒకటి కనిపిస్తుంది. గ్యాస్ పూర్తిగా పోతే కంప్రెసర్‌ను మొదలుకానివ్వదు, ఎందుకంటే గ్యాస్‌తోపాటు తిరిగే ఆయిల్ కూడా అందక అది పట్టేస్తుంది. రైల్వే గేటు దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు కండెన్సర్‌కు గాలి తగలక ఒత్తిడి పెరుగుతుంటే ఫ్యాన్ వేగం పెంచమంటుంది.

వేడి చేసే యంత్రాల్లో ఒత్తిడి కొలిచే పరికరాల పాత్ర ఇంకా పాతది. మన దగ్గర యాసంగి వడ్లు ఎండల వల్ల పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకవుతాయి. అందుకే ఉప్పుడు బియ్యం మిల్లులు. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టడానికి వాటికి బాయిలర్ కావాలి. ఊకే వంటచెరకు. బాయిలర్‌లో గేజ్ ఏడు కిలోలు చూపిస్తే లోపల ఆవిరి 170 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. అదే గేజ్ కింద పందితోకలా మెలి తిరిగిన చిన్న పైపును గమనించారా? అందం కోసం పెట్టింది కాదు. ఆ మెలికలో కాసిన్ని నీళ్లు నిలుస్తాయి. వేడి ఆవిరి నేరుగా గేజ్‌లోకి వెళ్లి బోర్డన్ గొట్టాన్ని పాడుచేయకుండా ఆ నీళ్లు అడ్డుంటాయి, ఒత్తిడిని మాత్రం పైకి పంపుతాయి. కొత్త గేజ్ బిగించేటప్పుడు ఆ మెలికను తీసేసి నేరుగా పెడితే గేజ్ కొన్నాళ్లకే తప్పు చూపడం మొదలుపెడుతుంది. బాయిలర్ మీద తప్పు చూపే గేజ్ ఉండటం, అసలు గేజ్ లేకపోవడం కంటే ప్రమాదం. దాన్ని నమ్ముతాం కాబట్టి. బాయిలర్లకు మన దేశంలో 1923 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ఏటా తనిఖీ జరిపించుకోవాల్సిందే.

ఆస్పత్రుల్లో అయితే ఇంతకంటే చాలా సున్నితమైన కొలతలు. ఆపరేషన్ థియేటర్‌లో గాలి ఒత్తిడి వరండా కంటే కనీసం రెండున్నర పాస్కల్స్ ఎక్కువ ఉండాలి, తలుపు తీసినప్పుడు బయటి దుమ్ము లోపలికి రాకుండా. రెండున్నర పాస్కల్స్ అంటే పావు మిల్లీమీటరు ఎత్తు నీళ్లు మోపే ఒత్తిడి. అంటురోగుల గదిలో ఇదే తిరగేసి, లోపల తక్కువ ఉండాలి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసే సెన్సర్ కూడా ఉంటుంది. తేడా పెరిగిందంటే ఫిల్టర్ దుమ్ముతో నిండినట్టు. తేదీ చూసి మార్చడం కంటే ఆ తేడా చూసి మార్చడమే లెక్క.

చివరగా రైతు సోదరులకు ఒక మాట. బస్తాలు పెట్టే ముందు కిరాయి ఎంతని అడుగుతారు, రసీదు తీసుకుంటారు. అట్లాగే మిషన్ రూము లాగ్ బుక్ కూడా ఒకసారి చూపించమని అడగండి. గంట గంటకు సక్షన్ ఒత్తిడి, కంప్రెసర్ బయటికి తోసే వైపు డిశ్చార్జ్ ఒత్తిడి అందులో రాసి ఉండాలి. అన్ని గంటలకూ ఒకే అంకె వరుసగా రాసి ఉంటే, అది గేజ్ చూసి రాసింది కాదు. కోల్డ్ స్టోరేజీ యజమానులూ, రైస్ మిల్లు యజమానులూ, ఏడాదికొకసారైనా గేజ్‌లను, కటౌట్లను పరీక్ష చేయించండి. ఈ సీజన్ మొదలు కాకముందే కండెన్సర్ పైపుల మీది పెంకు గీకించండి. కటౌట్‌ను డైరెక్ట్ చేసిన వైరు ముక్క ఉంటే ఈ రోజే తీయించండి.